నిద్రమాత్రలు మానునప్పుడు తొలి రోజులు

ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్నది మన పెద్దల మాట. ఆ మాట పుట్టిన నాటికి నిద్ర అంగడి సరుకు కాదు. పగలెల్ల ఒళ్ళు వంచి పనిచేసినవానికి కటిక నేలయే పట్టుపరుపు. నేడు పరిస్థితి మారినది. అయినవారు పోయిన రాత్రి, ఉద్యోగం ఊడిన రాత్రి, పరీక్షలు దగ్గరపడిన రాత్రి కన్ను మూతపడకపోతే గోరంత మాత్ర ఒకటి మింగి నిద్రపోవచ్చును. ఆ కొద్ది రాత్రులకు అది మేలే చేస్తుంది. అయితే పది రోజులకని వ్రాసిన మాత్ర పది నెలలు, పదేళ్ళు సాగినప్పుడు, దానిని మానవలెనని తలచిన నాడు అసలు చిక్కు మొదలవుతుంది.

మనము నిద్రమాత్రలనీ, ఆందోళన తగ్గించే మాత్రలనీ పిలుచుకొనే డయాజెపామ్, ఆల్ప్రజోలమ్, లోరజెపామ్, క్లోనజెపామ్ మొదలైనవి బెంజోడయజెపైన్లు అనే ఒకే కుటుంబానికి చెందినవి. వాటిని దూషించుట ఈ వ్యాసం ఉద్దేశం కాదు. మూర్ఛవ్యాధిలోను, శస్త్రచికిత్సకు ముందు, తీవ్రమైన ఆందోళనలోను అవి వైద్యుని చేతిలో మంచి సాధనాలు. వైద్యుడు వ్రాసిన మాత్రనే, వ్రాసిన మోతాదులోనే చాలాకాలం వాడినవారు దానిని మానబూనినప్పుడు తొలి రోజులలో ఏమి జరుగుతుంది, ఎందువలన జరుగుతుంది, ఆ రోజులను ఎట్లా దాటవలెను అన్న మూడు ప్రశ్నలకు మాత్రమే ఇక్కడ సమాధానం చెప్ప ప్రయత్నిస్తాను. ఈ ప్రశ్నలు నాకు మొదట ఎదురైనది పుస్తకాలలో కాదు, మా ఇంట్లోనే.

మా ఇంట జరిగిన పొరపాటు

మా మేనత్త చాలాకాలం బడిలో పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకున్నది. మా మామయ్య మరణించిన తరువాత ఆమెకు నిద్ర కరవైనది. ఒక వైద్యుడు అర మిల్లీగ్రాము ఆల్ప్రజోలమ్ మాత్ర ఉదయం ఒకటి, రాత్రి ఒకటి చొప్పున పది రోజులకు వ్రాసి ఇచ్చారు. పది రోజులు గడిచినవి గాని మాత్రలు ఆగలేదు. దుకాణంవారు చీటీ తేదీ చూడకుండానే నెలనెలా ఇస్తూ వచ్చారు. అట్లా ఆరేళ్ళు గడిచినవి.

అటువంటి మాత్రలు దీర్ఘకాలం వాడితే జ్ఞాపకశక్తి మందగించవచ్చుననీ, వయసు మళ్ళినవారు తూలిపడే ప్రమాదమున్నదనీ నేను ఒక పత్రికలో చదివాను. చదివిన ఆవేశంలో ఆమె పెట్టెలోని స్ట్రిప్పులన్నీ తీసి పారవేశాను. "అత్తా, నేటితో నీకు ఈ బెడద వదిలింది" అన్నాను. ఆమె నవ్వి ఊరుకున్నది. ఆ రాత్రి జాగరణమే అయినది. రెండవ నాడు టీ కప్పు పట్టుకున్న చేయి వణికినది. వంటింట్లో గిన్నె పడిన చప్పుడుకు ఆమె రెండు చెవులూ మూసుకున్నది. మూడవ నాడు "గోడలు దగ్గరకు వస్తున్నట్లున్నవిరా, నేను నేను కానట్లున్నది" అన్నది. చూడవచ్చిన బంధువులు పాత దుఃఖం తిరగబెట్టినదన్నారు. నేనూ నమ్మాను. నాలుగవ నాడు తెల్లవారుజామున ఆమెకు మూర్ఛ వచ్చినది.

ఆసుపత్రిలో వైద్యుడు నన్ను ప్రక్కకు పిలిచి, "మీరు చేయదలచినది మంచి పనే, కాని చేసిన విధం ప్రాణం మీదికి తెచ్చేది" అన్నారు. ఆ పొరపాటు మరొక ఇంట జరుగకూడదనియే ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

ఈ మాత్రల పూర్వచరిత్ర

జర్మనీలో ఎమిల్ ఫిషర్, జోసెఫ్ ఫాన్ మేరింగ్ అనే శాస్త్రవేత్తలు 1903లో బార్బిటాల్ అనే నిద్రమందును లోకానికి పరిచయం చేశారు. 1912లో ఫినోబార్బిటాల్ వచ్చినది. ఈ జాతి మందులతో ఒక భయమున్నది. మోతాదు కొంత మించితే శ్వాస నిలిచిపోవచ్చును. అందువలన అంతకంటె క్షేమమైన మందు కొరకు అన్వేషణ సాగినది. అమెరికాలో హాఫ్‌మన్-లా రోష్ సంస్థలో పనిచేసిన లియో స్టెర్న్‌బాక్ అనే రసాయన శాస్త్రవేత్త కృషి ఫలితంగా 1960లో లిబ్రియమ్, 1963లో వాలియమ్ అంగడికి వచ్చినవి. వాలియమ్ అన్నది డయాజెపామ్‌కు వ్యాపార నామం. మింగినవారికి వెంటనే ప్రాణభయం లేకపోవుటచే ఇవి ఇంటింటికీ ప్రాకినవి.

హెచ్చరిక మాత్రం మొదటి నుండియే ఉన్నది. 1961లో అమెరికాలో లియో హోలిస్టర్, ఆయన సహచరులు లిబ్రియమ్‌ను పెద్ద మోతాదులో నెలల తరబడి వాడిన 11 మంది రోగులకు దానిని ఒక్కసారిగా ఆపి చూడగా, 10 మందిలో కొత్త లక్షణాలు కనిపించినవి. ఇద్దరికి మూర్ఛ వచ్చినది. పెద్ద మోతాదు వలననే ఇట్లా జరిగినదని చాలామంది సరిపెట్టుకున్నారు. 1981లో లండన్‌లో పెటుర్సన్, మాల్కమ్ లేడర్ అనే వైద్యులు ప్రకటించిన పరిశీలనతో ఆ సమాధానం నిలువలేదు. వారు చూచిన 16 మందీ సాధారణ మోతాదులోనే వాడినవారు. మందు ఆపినప్పుడు అందరిలోను ఏదో ఒక రూపంలో బాధలు కలిగినవి. అయితే అదే పరిశీలన మనకు ధైర్యం కూడా చెప్పుచున్నది. పెరిగిన ఆ బాధలు సాధారణంగా రెండు నుండి నాలుగు వారాలలో మునుపటి స్థాయికి తగ్గినవి.

1988లో బ్రిటన్‌లోని ఔషధ భద్రతా సంఘం ఈ మాత్రలను రెండు నుండి నాలుగు వారాలకు మించి వ్రాయరాదని వైద్యులకు సలహా ఇచ్చినది. ఇంగ్లండులోని న్యూకాజిల్ నగరంలో హెదర్ ఆష్టన్ అనే వైద్యురాలు 1982 నుండి 1994 వరకు కేవలం ఈ మాత్రలు మానదలచినవారి కొరకే ఒక చికిత్సాలయం నడిపినారు. సుమారు 300 మంది రోగుల మాటలు ఓపికతో విని ఆమె కూర్చిన అనుభవసారం నేటికీ వైద్యులకు, రోగులకు దారి చూపుచున్నది.

మెదడులో జరుగునది

మన మెదడులో ఉద్రేకాన్ని పెంచే రసాయనాలున్నవి, శాంతింపజేసే రసాయనాలున్నవి. రెండవ తెగలో ముఖ్యమైనది గామా అమినో బ్యుటిరిక్ ఆమ్లం. దీనిని క్లుప్తంగా గాబా అంటారు. నిద్రమాత్ర గాబాను కొత్తగా తయారుచేయదు. ఉన్న గాబా చేసే పనిని ఎక్కువ చేస్తుంది.

ఒక తక్కెడను ఊహించుకొనండి. ఒక సిబ్బిలో శాంతి, మరొక దానిలో ఉద్రేకం. మాత్ర ప్రతిదినం శాంతి వైపున కొంత బరువు వేస్తుంది. మెదడు ఊరుకోదు. తక్కెడ సమంగా నిలువవలెనని నెలల తరబడి రెండవ వైపున తానూ కొంచెం కొంచెం బరువు చేరుస్తుంది. గాబాకు స్పందించే గ్రాహకాల చురుకు తగ్గుతుంది. ఇటువంటి స్థితిలో మాత్రను ఒక్క దినాన తీసివేస్తే రెండవ సిబ్బి ధబీమని నేలకు తాకుతుంది. చేయి వణుకుట, గుండె దడ, శబ్దాన్ని సహింపలేకపోవుట, చివరకు మూర్ఛ, అన్నియు ఆ తాకిడి రూపాలే. మెదడు తాను వేసిన బరువును తానే తీసివేయగలదు. దానికి కావలసినది వ్యవధి.

ఈ తాకిడి ఎప్పుడు మొదలవుతుందన్నది మాత్ర జాతిని బట్టి ఉంటుంది. రక్తంలోని మందు సగానికి తరుగుటకు ఆల్ప్రజోలమ్‌కు సుమారు 11 గంటలు, లోరజెపామ్‌కు 10 నుండి 20 గంటలు పడుతుంది. డయాజెపామ్, దాని నుండి శరీరంలో పుట్టే పదార్థం కొన్ని దినాలు నిలిచి ఉంటవి. అందువలన మొదటి రకం ఆపితే ఒకటి రెండు దినాలలోనే బాధ ఆరంభమవుతుంది. రెండవ రకం ఆపితే వారం వరకు ఏమీ తెలియకపోవచ్చును. "వారమైనది, నాకేమీ కాలేదు" అని ధీమా పడినవారు మోసపోయేది ఇక్కడే.

తొలి రోజుల గుర్తులు

సాధారణంగా కనిపించేవి ఇవి: నిద్రలేమి, ఆందోళన, గుండె దడ, చెమట, చేతుల వణుకు, మెడ, దవడ కండరాలు బిగియుట, చిరాకు, కారణం లేని కన్నీరు. వీటిని చూచి ఇంటివారు పాత జబ్బు తిరిగి వచ్చినదనుకొనుట సహజం. కాని కొన్ని గుర్తులు పూర్వం ఎన్నడూ లేనివై ఉంటవి. దీపపు వెలుగు కన్నులలో గుచ్చుకొనుట, చిన్న చప్పుడు పిడుగువలె వినబడుట, నాలుకపై లోహపు రుచి, చర్మం మీద చీమలు ప్రాకినట్లుండుట, చెవులలో హోరు, తానుగాని లోకంగాని నిజం కానట్లు తోచుట అటువంటివి. ఇట్టి కొత్త గుర్తులు కనిపిస్తే అది పాత దుఃఖం కాదు, మెదడు తక్కెడ సరిచేసుకొనుచున్నదని ఊహించవచ్చును. ఈ భేదం తెలియకనే అనేకులు భయపడి మాత్రను ఇంకా పెద్ద మోతాదులో ఆరంభిస్తారు. భేదాన్ని నిశ్చయించవలసినవాడు మాత్రం వైద్యుడే.

పీడకలల విషయం ప్రత్యేకంగా చెప్పదగినది. ఈ మాత్రలు కలలు కనే నిద్రను అణచి ఉంచుతవి. మోతాదు తగ్గగానే అణగియున్న ఆ నిద్ర ఎగసి వస్తుంది. కలలు స్పష్టంగా, ఒక్కొక్కసారి భయంకరంగా ఉంటవి. సహజ నిద్ర తిరిగి వచ్చుటలో అదియు ఒక భాగమని ముందే తెలిసినవారికి ఆ కలలు అంతగా బెదరింపవు.

మరొక మాట. ఈ బాధలు అలలవలె వస్తవి. రెండు దినాలు తేటగా గడిచి మూడవ దినం మళ్ళీ కలత రావచ్చును. నిన్న బాగుండి నేడు బాగులేకపోతే వెనుకకు పోయినట్లు కాదు.

మెట్లు దిగే పద్ధతి

మేడ మీదివాడు క్రిందికి రావలెనంటే దూకడు, మెట్లు దిగుతాడు. నిద్రమాత్రల విషయంలో మొదటి సూత్రం ఇదే. 2025లో అమెరికాలోని వైద్య సంఘాలు కలిసి ప్రకటించిన మార్గదర్శక సూత్రాల ప్రకారం, మోతాదును రెండు నుండి నాలుగు వారాలకు ఒకసారి 5 నుండి 10 శాతం వరకు తగ్గించుటతో ఆరంభింపవలెను. సాధారణంగా రెండు వారాలలో 25 శాతానికి మించి తగ్గించరాదు. శరీరం నుండి త్వరగా తొలగిపోయే మాత్ర వాడేవారిని వైద్యుడు అవసరమనుకుంటే నెమ్మదిగా తొలగే మాత్రకు క్రమంగా మార్చి, తరువాత తగ్గిస్తారు.

మా మేనత్తకు వైద్యుడు ముందు మందును తిరిగి ఆరంభించి, ఆమె కుదుటపడిన తరువాత దానిని రోజుకు 20 మిల్లీగ్రాముల డయాజెపామ్‌గా మార్చినారు. అక్కడి నుండి రెండు వారాలకు 2 మిల్లీగ్రాముల చొప్పున 10 వరకు, తరువాత 1 చొప్పున 5 వరకు, ఆపైన అర మిల్లీగ్రాము చొప్పున తగ్గించినారు. మోతాదు తగ్గినకొద్దీ మెట్టు ఎత్తు కూడా తగ్గవలెను. 20లో 2 పదవ వంతు, 4లో 2 సగం కదా! మధ్యలో రెండుసార్లు బాధ అధికమైనప్పుడు ఆ మెట్టు మీదనే కొన్నాళ్ళు నిలిపినారు. మొత్తం పదకొండు నెలలు పట్టినది. ఇది ఆమె వయసును, ఆరోగ్యాన్ని చూచి కట్టిన లెక్క. దీనిని మరొకరు తమకు అన్వయించుకొనరాదు. గర్భిణులు, మూర్ఛవ్యాధి గలవారు, మద్యపానం అలవాటున్నవారు, పూర్వం మానబోయి మూర్ఛ తెచ్చుకున్నవారు మరింత దగ్గరి పర్యవేక్షణలో ఉండవలెను.

దూకిన ఫలితం ఎంత భయంకరమో తెలంగాణ ఒకసారి సామూహికంగా చూచినది. కల్తీ కల్లులో డయాజెపామ్, ఆల్ప్రజోలమ్, క్లోరల్ హైడ్రేట్ కలుపు దురాచారం ఇక్కడ ఉన్నది. 2015 సెప్టెంబరులో ప్రభుత్వం కల్తీ కల్లుపై దాడులు ముమ్మరం చేయగా నిజామాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాలలో అనేకులు వణుకు, మతిభ్రమ, మూర్ఛలతో ఆసుపత్రులకు చేరినారు. వారిలో అనేకులు వైద్యుని చీటీ ఎరుగరు, తాము త్రాగేది మందు అనియు ఎరుగరు. అయినను వారి బాధ మా మేనత్త బాధ వంటిదే. విషాన్ని అరికట్టుట అవసరమే. దానితోపాటు దానికి అలవాటుపడిన దేహాన్ని క్రమంగా దించుటయు అవసరమే.

తొలి వారాలలో చేయదగినవి

మొదటిది, ఒక నోటు పుస్తకం. తేదీ, ఆ దినపు మోతాదు, నిద్రించిన గంటలు, కలిగిన బాధ అందులో వ్రాసుకొనవలెను. మా మేనత్త తన పాత బడి అలవాటు ప్రకారం ప్రతి దినానికి పదికి మార్కులు వేసుకొనేది. నాలుగవ వారంలో వెనుకకు తిప్పి చూచి, "రెండు నుండి ఐదుకు వచ్చానే" అని తానే ఆశ్చర్యపడినది. అలలో మునిగినవానికి తాను ముందుకు పోవుచున్నట్లు తెలియదు. పుస్తకం తెలుపుతుంది.

రెండవది, నిద్రను వెంటాడకుండుట. రాత్రి ఎట్లా గడిచినను ప్రొద్దున ఒకే వేళకు లేవవలెను. మంచం మీద అరగంట దొర్లినా నిద్ర రాకపోతే లేచి మరొక చోట కూర్చుండి, కన్నులు బరువెక్కినప్పుడు తిరిగి పడుకొనవలెను. గడియారం చూచుట మానవలెను. మధ్యాహ్నం తరువాత టీ, కాఫీ వర్జించవలెను. సాయంకాలపు నడక కండరాల బిగువును సడలిస్తుంది.

మూడవది, భయం ముంచుకొని వచ్చు క్షణాలకు సిద్ధంగా ఉండుట. ఆ భయం కొద్ది నిమిషాలలో శిఖరానికి చేరి, సాధారణంగా అరగంటలో దిగిపోతుంది. పాదాలు నేలకు ఆనించి కూర్చుని, ముక్కుతో నెమ్మదిగా గాలి పీల్చి, అంతకంటె నెమ్మదిగా వదలవలెను. లోకం నిజం కానట్లు తోచినప్పుడు చేతికందిన వస్తువును తాకి దాని పేరు పలుకవలెను. మా మేనత్త చన్నీళ్ళ చెంబు పట్టుకొనేది.

నాలుగవది, చేయకూడనివి. మద్యం, కల్లు ఈ బాధకు మందు కావు. అవి కూడా తక్కెడలో అదే వైపు బరువు వేసి, శ్వాసకు ముప్పు తెస్తవి. జలుబు మందులను, ఇతర నిద్రమందులను వైద్యుని అడుగక వాడరాదు. కష్టంగా ఉన్న దినమొకటి, సుఖంగా ఉన్న దినమొకటి అని మోతాదును ఇష్టం వచ్చినట్లు మార్చరాదు. మగతగా ఉన్న రోజులలో వాహనం నడుపరాదు.

ఇంటివారి కర్తవ్యం

రోగికి ఉపన్యాసం అవసరం లేదు. "మనసు గట్టి చేసుకో" అన్న మాట అతనికి గాయమే చేస్తుంది. ఇది మనోబలం కొరత కాదు. వంటింటి చప్పుడు తగ్గించుట, వేళకు అన్నం పెట్టుట, రాత్రి మేలుకొని ఉన్నప్పుడు ప్రక్కన కూర్చుండుట, ఇవే మేలైన సాయం. మూర్ఛ, మతిభ్రమ, లేనివి కనబడుట, తీవ్రమైన వణుకుతో జ్వరం, ఆత్మహత్య ఊహలు, వీటిలో ఏది కనిపించినను వేచియుండక ఆసుపత్రికి తీసికొనిపోవలెను. మూర్ఛ వచ్చినవారిని ప్రక్కకు తిప్పి పడుకోబెట్టవలెను. నోటిలో ఏమియు పెట్టరాదు. మానసికమైన కలతకు భారత ప్రభుత్వం 2022 అక్టోబరులో ఆరంభించిన టెలీ మానస్ సేవను 14416 నంబరుపై తెలుగుతో సహా పలు భాషలలో ఉచితంగా పొందవచ్చును.

ఔషధ నిబంధనలలో హెచ్1 పట్టికను 2013లో ప్రకటించి, 2014 మార్చి 1 నుండి అమలుపరచినారు. ఈ జాతి మాత్రలలో అనేకం అందులో చేరియున్నవి. వీటిని చీటీ లేక అమ్మరాదు. వైద్యుని పేరు, రోగి పేరు, మందు, పరిమాణం ప్రత్యేక రిజిస్టరులో వ్రాసి మూడేళ్ళు భద్రపరుపవలెను. ఈ నియమాన్ని ప్రతి దుకాణం పాటించియుంటే మా మేనత్త వంటివారి పది రోజులు ఆరేళ్ళు కాకపోయెడివి.

విద్యార్థి మిత్రులారా! పరీక్షల ముందు రాత్రి స్నేహితుడిచ్చిన మాత్రతో నిద్రపోవుట చిన్న విషయంగా తోచవచ్చును. అది మీకు వ్రాసిన మందు కాదని గుర్తుంచుకొనండి. మీరు సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు పెద్దల మందుల పెట్టె ఒకసారి తెరచి చూడండి. చీటీ మీది తేదీ చదవండి. అది పాతదైతే వారిని వెంటబెట్టుకొని వైద్యుని వద్దకు వెళ్ళండి. కాని నావలె మాత్రలు తీసి పారవేయకండి. మా మేనత్త నేడు రాత్రికి ఐదు గంటలు, ఒక్కొక్కనాడు ఆరు గంటలు నిద్రిస్తున్నది. మాత్రతో నిద్రించినది ఎనిమిది గంటలు. ఏది మేలని ఒకనాడు అడిగాను. "ఆ ఎనిమిదీ గుర్తు లేవురా, ఈ ఐదూ నావి" అన్నది.